రెండుసార్లు వచ్చిన ఫొటోలు

పెదకాకాని,
6 మార్చి 2022.

గౌరవనీయులైన జక్రయ్య మాస్టారికి,
ఫెబా వందనాలు.

మీ కార్డు అందింది. నాకు ఒంట్లో బాగానే ఉంది మాస్టారూ. మొన్న దేవకుమారి అమ్మగారికి ఫోన్ చేసి, "బ్యాకప్ బాగా నెమ్మదించింది, మాస్టారికి చెప్పండి" అన్నాను. ఆవిడ కాగితం మీద "ఫెబా బాగా నెమ్మదించింది" అని రాసి మీకు చూపించినట్టున్నారు. మీరేమో వెంటనే రక్తపరీక్ష చేయించుకోమని రాశారు. ఇక మీదట మన పని సంగతులన్నీ ఉత్తరంలోనే. వినికిడి పోయినప్పటి నుంచి మీరు అంటున్నదీ అదే కదా. తప్పు ఎక్కడుందో నోటితో చెబితే సగమే చెబుతాం, కాగితం మీద పెడితే మొత్తం చెప్పక తప్పదని.

ముందు మంచి కబురు. ఈ ఏడు నల్ల తామర పురుగు మిరపను ఎలా తినేసిందో మీ వైపూ చూసే ఉంటారు. మా చుట్టుపక్కల పూతంతా మాడిపోయి జనవరికే చేలు దున్నేశారు. అలాంటిది బుల్లయ్య గారి చేలో మూడు వేల రెండు వందల మొక్కల్లో నలభై ఒకటి నిలబడ్డాయి. పక్క మొక్క ఆకులు ముడుచుకుని ఏడుపుముఖంతో ఉంటే, ఇవి కొమ్మలు వంగేలా కాశాయి. ఆయన ప్రతి మొక్క దగ్గరా గొంతుక్కూర్చుని, పువ్వు విప్పి పురుగులు చూసి, సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక అంకె చెబుతారు. నేను ఆ మొక్కను ఫొటో తీసి, అంకెను ఆ ఫొటోలోనే ఎక్కిస్తాను. ప్రతి మొక్కకీ వారానికొకటి చొప్పున పదహారు వారాలు తీశాను. ఇరవై ఏళ్ళుగా విత్తనం ఏరుతున్న మనిషి, ఆ నలభై ఒకటీ తేలిన రోజు చేను గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. "మీ మాస్టారికి రాయి. నాతో చదువుకున్నోడు, వాడికి తెలియాల" అన్నారు.

ఇక నెమ్మదించిన సంగతి. నాలుగేళ్ళ క్రితం మీరు రాసిచ్చిన ప్రోగ్రాం రోజూ సాయంత్రం ఇక్కడి కంప్యూటర్లో కొత్తగా చేరినవీ, మారినవీ మాత్రమే ఏరుకుని ఇంటర్నెట్ మీద మీ ఇంట్లో ఉన్న డిస్కులోకి పంపుతుంది. మొదట్లో గంటలో ముగిసేది. ఇప్పుడు ఆరింటికి మొదలుపెడితే మర్నాడు పదింటికీ తెమలడం లేదు. ఫొటోలు తీసిన రోజున కూడా కొత్తవి ఐదారు వందలే. గత నెలలో ఒకసారి ఆరు రోజులు ఏకధాటిగా నడిచింది. ఎందుకో అర్థం కాలేదు. మీ వైపు అన్నీ సరిగ్గా అందుతున్నాయా?

మీ విధేయురాలు,
ఫెబా.


అద్దంకి,
15 మార్చి 2022.

ఫెబాకు ఆశీస్సులు.

నువ్వు ఆరోగ్యంగా ఉన్నందుకు సంతోషం. దేవకుమారి నీ ఉత్తరం చదివి నవ్వింది. నాకు వినబడలేదు గానీ భుజాలు కదలడం చూశాను.

నలభై ఒకటి అన్న అంకెను మూడుసార్లు చదువుకున్నాను. బుల్లయ్య చేతిలో మొక్క పెడితే అది ఏం అడుగుతోందో వాడికి తెలుస్తుంది. స్కూల్లో లెక్కల పరీక్షకు వాడు నా పక్కన కూర్చునేవాడు, తోటపనికి నేను వాడి పక్కన నిలబడేవాణ్ణి. ఈ మాట వాడికి చదివి వినిపించు.

నీ ఫొటోలు అప్పుడప్పుడు తెరిచి చూస్తుంటాను. యాభై వేల పైచిలుకు ఫొటోల్లో మసకగా ఉన్నది ఒక్కటీ కనబడలేదు. ఎండలో వంగి అన్ని తీయడం ఎంత కష్టమో తీసినవాళ్ళకే తెలుస్తుంది. నా దగ్గర డిప్లొమా చదివినవాళ్ళు చాలామంది పెద్ద పెద్ద ఊళ్ళకు వెళ్ళారు. ఈ ఓపిక వాళ్ళలో ఎందరికుందో చెప్పలేను.

కాపీలు అందుతున్నాయి. నెమ్మదిగానైనా అందడం ముఖ్యం. ప్రోగ్రాంలో చెయ్యి పెట్టకు.

జక్రయ్య.


పెదకాకాని,
22 మే 2022.

మాస్టారికి వందనాలు.

మీరు వద్దన్నారు కాబట్టి ప్రోగ్రాంలో చెయ్యి పెట్టలేదు. కానీ అది ఏం చేస్తోందో పక్కన కూర్చుని చూశాను. ఎండలకు చేలో పని లేదు, పది రోజులు అదే పని పెట్టుకున్నాను. మీ ప్రోగ్రాం చదువుతుంటే మళ్ళీ మీ క్లాసులో కూర్చున్నట్టుంది. కరెంటు మధ్యలో పోతే ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని అక్కడి నుంచే అందుకోవడం ఎంత ముచ్చటగా రాశారు మాస్టారూ! ఆ నలభై వరసలు నేను చేత్తో ఎత్తి రాసుకున్నాను.

ఒక సందేహం అడగొచ్చా? నా అవగాహనే తప్పై ఉండొచ్చు. ఒక ఫైలు పాతదా కొత్తదా అన్నది మనం దాని పేరూ తేదీ చూసి తేలుస్తున్నాం. ఫొటోలో అంకె ఎక్కించగానే తేదీ మారుతుంది. మారింది ఒక్క అంకే అయినా ఫొటో మొత్తం మళ్ళీ అద్దంకి వస్తోంది. అలాగే ఒక ఫోల్డరు పేరు మార్చామనుకోండి, లోపలి ఫొటోలు అవే అయినా అన్నీ కొత్తవనుకుని మళ్ళీ మొదటి నుంచీ పంపుతోందా? పైగా ఆ ఐదారు వందలు ఏవో తేల్చడానికి రోజూ రెండు లక్షల ఫైళ్ళనూ తడిమి చూస్తోంది. ఎర్రబడ్డ కాయలు నాలుగు కోయడానికి చేనంతా సాలు సాలూ తిరిగినట్టు. ఇలా పనికిరానివి వచ్చి పడుతుంటే మీ దగ్గర డిస్కు నిండిపోదా? నిండితే అన్నిటికన్నా పాతవి చెరిపేసి చోటు చేసుకోమని మీరే ప్రోగ్రాంలో రాశారు కదా?

ఇంత రాసినందుకు ఏమీ అనుకోకండి.

ఫెబా.


అద్దంకి,
1 జూన్ 2022.

ఫెబాకు,

నీ సందేహం అందింది. ఫోల్డర్ల పేర్లు మార్చవద్దని బుల్లయ్యకు చెప్పు. డిస్కు సంగతి నేను చూసుకుంటాను.

దేవకుమారికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయి. ఇక్కడ గాలివానకు మా వీధిలో రెండు స్తంభాలు పడ్డాయి.

జక్రయ్య.


పెదకాకాని,
29 జులై 2022.

మాస్టారికి,

ఈ ఉత్తరం తెస్తున్నది బుల్లయ్య గారి ట్రాక్టరు నడిపే ఇమ్మానియేలు. పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని బండి మీద పంపిస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం ఆఫీసు మీద పిడుగు పడింది. మనుషులకేమీ కాలేదు. కంప్యూటరు కాలిపోయింది. దాని పక్కన అదే ప్లగ్గుకు పెట్టి ఉంచిన రెండో డిస్కూ కాలిపోయింది. గుంటూరు తీసుకెళ్ళి చూపిస్తే షాపతను తల అడ్డంగా ఊపాడు.

ఆగస్టు పదిహేను లోపు నారు పోయాలి. దాటితే ఈ ఏటికి అదును తప్పినట్టే. విత్తనం పొట్లాలు ఆరు వందలు భద్రంగా ఉన్నాయి. కానీ వాటి మీద మొక్క నంబరు తప్ప మరేమీ లేదు. ఏ నంబరు మొక్క పురుగును తట్టుకుందో, ఏది చచ్చీ చెడీ నాలుగు కాయలు కాసిందో ఫొటోల్లోనే ఉంది. కంప్యూటరు వచ్చాక పుస్తకంలో రాయడం మానేశాం. బుల్లయ్య గారికి ఓ పదీ పన్నెండు నంబర్లు గుర్తున్నాయి. అంతే. ఆరు వందలూ పోద్దామంటే నారుమడికి చోటు లేదు, పోసినా మళ్ళీ మొదటికే వస్తాం.

బుల్లయ్య గారు కాలిన కంప్యూటరు పక్కన స్టూలు మీద కూర్చుని, "అద్దంకిలో ఉంటదన్నావు గదమ్మా?" అని మాత్రం అడిగారు. ఉంటుందన్నాను. మీ డిస్కు నిండి పాతవి చెరిగిపోయి ఉంటాయేమోనని నా భయం. ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

గత అక్టోబరు నడిమి నుంచి ఫిబ్రవరి దాకా తీసిన ఫొటోలు, ఆ ఒక్క ఫోల్డరు దొరికితే చాలు మాస్టారూ.

ఫెబా.


అద్దంకి,
29 జులై 2022, సాయంత్రం.

అమ్మా ఫెబా,

ఇమ్మానియేలు అన్నం తింటున్నాడు. అతను లేచేలోగా ఇది రాసి ఇవ్వాలి.

నువ్వు నాకు రాయనిది ఒకటి అతను దేవకుమారితో చెప్పాడు. ఆమె నోటుపుస్తకంలో రాసి చూపించింది. నిన్న ఈ విత్తనం కోసం ఎదురుచూస్తున్న రైతులందరూ షెడ్డు దగ్గర చేరి బ్యాకప్పు ఎందుకు తేడాగా నడిచిందని అడిగితే, "చూసుకోవాల్సింది నేనేనండి, తప్పు నాదే" అన్నావట. పది రోజులు కూర్చుని తప్పు ఎక్కడుందో పట్టుకున్న పిల్లవు. అది నా తప్పని నీకు తెలుసు. మే నెలలో దాన్ని సందేహమని పేరు పెట్టి, ముందు నలభై వరసలు పొగిడి, నా మనసు నొచ్చుకోకుండా అడిగావు. నేను స్తంభాలు పడ్డాయని జవాబు రాశాను.

ఇప్పుడు కాగితం మీద మొత్తం పెడతాను. ప్రోగ్రాంలో ఆ లోపం ఉందని నాకు 2019లోనే తెలుసు. నీ అంకెల ఫొటోలు రెండేసి సార్లు రావడం చూశాను. పేరూ తేదీ నమ్మకూడదని, లోపల ఉన్నదేమిటో చూడాలని క్లాసులో చెప్పినవాణ్ణి నేనే. సరిచేయాలని కూర్చున్నాను. రెండు నెలలు కూర్చున్నాను ఫెబా. నాకు చేతకాలేదు. వినికిడి పోయిన ఏడాది అది. తల సహకరించలేదు. ఆ మాట బుల్లయ్యకు చెప్పలేకపోయాను, నీకు అసలే చెప్పలేకపోయాను.

నేను చేయగలిగింది ఒకటే కనిపించింది. డిస్కు నిండితే పాతవి చెరిపే భాగాన్ని ఇక్కడ ఆపేశాను. నిండినప్పుడల్లా తీసి, తేదీ రాసి, బీరువాలో పెట్టి, కొత్త డిస్కు తగిలిస్తూ వచ్చాను. ఇప్పటికి ఐదు. నా తప్పుకు బుల్లయ్య రికార్డులు చెరిగిపోకూడదని నా పట్టుదల. కాబట్టి నువ్వు భయపడినట్టు ఇక్కడ ఏదీ చెరగలేదు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా నాలుగో డిస్కులో ఉండాలి. రేపు పొద్దున్నే తీస్తాను.

బుల్లయ్యకు వేరే ఉత్తరం ఇమ్మానియేలు చేతికే ఇస్తున్నాను. తప్పు ఎవరిదో అందులో రాశాను. రైతులందరి ముందూ చదవమన్నాను.

జక్రయ్య.


అద్దంకి,
3 ఆగస్టు 2022.

ఫెబాకు,

దీన్ని నిలబడి చదవకు. కూర్చుని చదువు.

నాలుగో డిస్కు చనిపోయింది. తగిలిస్తే టిక్కుటిక్కుమని కొట్టుకుంటోందని దేవకుమారి రాసి చూపించింది. నాకు చేతికి ఆ అదురు తెలిసింది. నెలకోసారి డిస్కులు తెరిచి చూడాలని మీకు పాఠం చెప్పినవాణ్ణి, ఆరు నెలలుగా దాన్ని బీరువాలోంచి తీయలేదు. రెండు రోజులు నాకు తెలిసినవన్నీ చేశాను. నిన్న పొద్దున ఆశ వదులుకుని, నీకు ఎలా రాయాలా అని కాగితం ముందు పెట్టుకున్నాను.

అప్పుడు మార్చిలో నువ్వు రాసిన ఉత్తరం బయటికి తీశాను. నువ్వేం అడిగావో, నేనెక్కడ దాటవేశానో చూసుకుందామని. గత నెలలో ఆరు రోజులు ఏకధాటిగా నడిచిందని రాశావు. రోజుకు ఐదారు వందలు పంపేది ఆరు రోజులు ఏం పంపినట్టు? ఐదో డిస్కు తగిలించి ఫిబ్రవరి పదో తేదీన వచ్చినవి తెరిచాను.

అక్కడ "తామర పురుగు వచ్చిన ఏడు" అని ఒక ఫోల్డరు ఉంది. లోపల యాభై ఒక్క వేల రెండు వందల ఫొటోలు. పదహారు వారాలూ ఉన్నాయి. అన్నిటిలోనూ అంకెలు ఉన్నాయి.

ఏం జరిగిందో నీకీపాటికి అర్థమై ఉంటుంది. అంతకుముందు ఆ ఫోల్డరు పేరు "పదిహేడో మడి". ఎవరో పేరు మార్చారు. నా ప్రోగ్రాం బుద్ధి లేకుండా అన్నీ కొత్తవనుకుని, మొత్తాన్నీ మళ్ళీ ఇక్కడికి మోసింది. ఏ లోపం తలుచుకుని మూడేళ్ళు సిగ్గుపడ్డానో అదే వీటిని రెండోసారి తెచ్చి ఇంకో డిస్కులో పెట్టింది. దీన్ని నా తెలివి అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. మంచి ప్రోగ్రాం అయితే రెండోసారి పంపేది కాదు. ఈ ఉత్తరం ఇప్పుడు నీకు ఏడుస్తూ రాసేవాణ్ణి. అయినా తప్పును తప్పుగానే ఉంచాలి, సరిచేయాలి. అలా మోయడం వల్లే ఐదు డిస్కులు నిండాయి, అన్నిటినీ చూసుకునే ఓపిక లేకే ఒకటి చచ్చింది.

డిస్కును రెండు తువ్వాళ్ళలో చుట్టి ఇస్తున్నాను. దేవకుమారి స్వయంగా బస్సులో తెస్తోంది. పార్సిల్లో వేయనని పట్టుబట్టింది. ఆమెకు అన్నం పెట్టి పంపు. ఇంటర్నెట్ మీద మాత్రం వద్దు, ఇంకో ఆరు రోజులు పడుతుంది.

జక్రయ్య.


పెదకాకాని,
12 ఆగస్టు 2022.

మాస్టారికి వందనాలు.

నిన్న నారు పోశాం. నలభై ఒక్క నంబర్లకీ పొట్లాలు దొరికాయి. బుల్లయ్య గారు గుర్తున్నాయని చెప్పిన పన్నెండింటిలో నాలుగు తప్పు. ఆ సంగతి నేను ఆయనకు చెప్పలేదు, ఫొటో తెరిచి చూపించాను. కాసేపు చూసి, "దీన్నే నమ్ముకుని పోసుంటే మునిగేవాళ్ళం" అన్నారు.

అమ్మగారు డిస్కును బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారట. పక్కావిడ కేకు అనుకుని ఎవరి పుట్టినరోజని అడిగిందట. మా అమ్మ చేసిన గోంగూర పచ్చడి సీసా అమ్మగారితో పంపించాను, అందే ఉంటుంది.

మీ ఉత్తరం బుల్లయ్య గారు షెడ్డు దగ్గర అందరి ముందూ చదివించారు. చదివింది నేనే. "నాకు చేతకాలేదు" అన్న చోట చదవడం ఆపేశాను. ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకుని మిగతాది తనే గట్టిగా చదివారు. చదివాక అందరినీ చూస్తూ, "ఫోల్డరు పేరు మార్పించింది నేను. మడి నంబరు ఎవడికి గుర్తుంటదని మార్పించా. ఈ పిల్ల తప్పు తనదంటది, వాడు తనదంటాడు. ఇంక నా తప్పు కూడా రాసుకోండి. రాసుకుని లేవండి, నారుమడి తడపాల" అన్నారు. తరవాత నన్ను పక్కకి పిలిచి, "మూడేళ్ళు గుట్టుగా డిస్కులు కొని దాచాడా? ఒరేయ్ జక్రయ్యా!" అని అద్దంకి వైపు తిరిగి అరిచారు. మీకు వినబడదని గుర్తొచ్చి, రాయమన్నారు. రాశాను.

మాస్టారూ, మీకు చేతకాలేదన్నది నేను ఒప్పుకోను. మీకు ఎదురుగా కూర్చుని అడిగేవాళ్ళు లేకపోయారు. ఇప్పుడు నేనున్నాను. ప్రోగ్రాంలో చెయ్యి పెట్టడానికి అనుమతి ఇవ్వండి.

ఫెబా.


అద్దంకి,
19 ఆగస్టు 2022.

ఫెబాకు,

పెట్టు.

జక్రయ్య.


పెదకాకాని,
22 జనవరి 2023.

మాస్టారికి, అమ్మగారికి వందనాలు.

ఈ ఏడూ పురుగు వచ్చింది. నవంబరు ఆఖరున పూతలో కనబడింది. నలభై ఒక్క రకాలనూ ఒక్కో సాలుగా నాటాం. డిసెంబరులో ఇరవై సాళ్ళు చేతులెత్తేశాయి. మరో పద్దెనిమిది ఏదో ఒక మాదిరిగా నిలబడి, కాయ సగానికి పడిపోయింది. మూడు సాళ్ళు మాత్రం ఏమీ పట్టనట్టు కాశాయి. పువ్వు విప్పితే పురుగు ఉంది, కానీ మొక్క లెక్కచేయడం లేదు. పక్క ఊళ్ళ నుంచి రైతులు వచ్చి చూసి వెళుతున్నారు. అందరికీ విత్తనం ఇచ్చేంత ధైర్యం ఇంకా రాలేదు, మరో రెండేళ్ళు చూడాలంటున్నారు బుల్లయ్య గారు. ఆ మాట అంటూనే ఆ మూడు సాళ్ళ మధ్య నుంచి బయటికి రారు. ఒకటి చెప్పనా మాస్టారూ? ఆయన పువ్వులు విప్పి చూసే పుల్ల కిందపెట్టి, మూడో సాలులో ఒక మొక్కకు నమస్కారం పెట్టడం నేను చూశాను. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. నేనూ చూడనట్టే ఫొటో తీసుకున్నాను.

కొత్త ప్రోగ్రాం అక్టోబరు నుంచి నడుస్తోంది. ఇప్పుడు ప్రతి ఫొటోకూ దాని లోపల ఉన్నదాన్ని బట్టి ఒక గుర్తు కడుతోంది, వేలిముద్ర లాంటిది. పేరు మారినా, ఫోల్డరు మారినా వేలిముద్ర అదే కాబట్టి మళ్ళీ పంపదు. అంకెలను ఫొటోలోంచి తీసి విడిగా చిన్న ఫైల్లో పెట్టాను. చేనంతా తిరగకుండా, ఆ రోజు ఏవి కదిలాయో ఎప్పటికప్పుడు రాసి ఉంచుకుంటుంది. అన్నీ కలిపి పదకొండు నిమిషాల్లో ముగుస్తోంది. మీ నలభై వరసలు మాత్రం ముట్టుకోలేదు. అలాగే ఉన్నాయి. అన్నీ ఒక్కసారి మాత్రమే పంపడం వల్ల వచ్చే ప్రమాదం మీ నాలుగో డిస్కు నేర్పింది కనుక, రెండో కాపీ పర్చూరులో మా పిన్నిగారింట్లో పెట్టాం. నెలకోసారి రెండింటినీ తెరిచి, వంద ఫొటోలు ఏరి సరిచూస్తున్నాను.

ప్రోగ్రాం మొత్తం అచ్చు తీసి పంపుతున్నాను. పద్నాలుగు పేజీలు. ఎర్ర పెన్నుతో చూడండి. దయచేసి మొహమాటపడకండి.

ఫెబా.


అద్దంకి,
2 ఫిబ్రవరి 2023.

ఫెబాకు,

మూడు సాళ్ళ సంగతి చదివి దేవకుమారి చప్పట్లు కొట్టింది. నేను వరండాలోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను. బుల్లయ్య మొక్కకు నమస్కారం పెట్టాడంటే నమ్ముతాను. నాకు తెలిసిందని మాత్రం వాడితో అనకు, ఊరుకోడు.

పద్నాలుగు పేజీలూ అందాయి. మూడు రోజులు చూశాను. ఒకరోజు పై నుంచి కిందికి, ఒకరోజు కింద నుంచి పైకి. మూడో రోజు పేజీలు కలిపేసి ఎక్కడ తగిలితే అక్కడ చదివాను, కొత్త కళ్ళతో చూసినట్టుంటుందని. ఎనిమిదో పేజీలో కరెంటు పోయి, అదే సమయంలో ఫోల్డరు పేరు మారితే ఏమవుతుందా అని ఒక పూటంతా కూర్చున్నాను. నువ్వు దానికీ దారి పెట్టావు. పదకొండో పేజీలో నేను రెండు నెలలు తల బద్దలు కొట్టుకుని వదిలేసిన చోటు ఉంది. నువ్వు దాన్ని తొమ్మిది వరసల్లో దాటావు. ఆ తొమ్మిది వరసలూ మళ్ళీ మళ్ళీ చదివాను. అసూయ పడ్డానేమోనని నన్ను నేను వెతుక్కున్నాను. లేదు. వెనకటికి క్లాసులో ఎవరైనా నేను చెప్పనిది చేసి చూపిస్తే ఒళ్ళు జల్లుమనేది, అదే.

ఎర్ర పెన్ను వాడాను. తప్పు ఒక్కటే దొరికింది. మొదటి పేజీ పైన "రాసినవారు: జక్రయ్య" అని ఉంది.

నా పేరు కొట్టేసి నీ పేరు రాశాను. మిగతాదంతా సరిగ్గా ఉంది.

జక్రయ్య.